పాపరాజీ: మతలబ్ తెల్వకుండ తగిలించుకున్న బిల్లా



మొన్న మా ఆపా చిన్నబిడ్డ నికాహ్ మంథనిలోనే చేసినం. గోదావరిఖని నుంచి, కాటారం నుంచి, మహదేవ్‌పూర్ నుంచి రిష్తేదార్లు వచ్చిన్రు. మగవాళ్ళకు కింద, ఆడవాళ్ళకు పైన ఇంతెజాం. ముందు రోజు రాత్రి మెహందీ రస్మ్. పైన ఆడపిల్లలు ఢోలక్ పట్టుకుని పాడుకున్నరు, ఆడుకున్నరు. అక్కడ మగపురుగు లేదు. అందరూ అమ్మీలు, ఖాలాలు, ఫుప్పీలు, చిన్నపిల్లలే. అయినా తెల్లారేసరికి ఆ ఆట ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ మీద ఉన్నది. ఇంటర్ చదివే ఒక పిల్ల, దుపట్టా నడుముకు కట్టుకుని ఆడుతున్నది. ఇరవై సెకండ్ల వీడియో. దానికి ఏదో సినిమా పాట అతికించిన్రు. కింద వచ్చిన కామెంట్లు నేను ఇక్కడ రాయను. రాస్తే ఆ పేజీకి, ఈ మజ్మూన్‌కు ఫరక్ ఉండదు.

తీసిన ఫోన్ ఎవరిదో రెండు రోజులకు తెలిసింది. మన ఖాందాన్ మనిషిదే. ఆమె ఖుషీల స్టేటస్ పెట్టుకున్నది, అంతే. ఆ స్టేటస్ చూసినవాళ్ళు ఇంకొకరికి పంపిన్రు, వాళ్ళు మరొకరికి. చివరికి ఆ పేజీ నడిపే పిల్లగాని చేతికి పోయింది. వాడు కూడా పరాయోడు కాదు. మా వెనక గల్లీ పిల్లగాడే. వాళ్ళ అబ్బా, నేను చిన్నప్పుడు గోదావరిల కలిసి ఈత కొట్టినోళ్ళం.

చాయ్ హోటల్ దగ్గర పట్టుకుని అడిగిన. "బేటా, అది తీసెయ్. ఆ పిల్ల ఇంట్ల రెండు రోజుల నుంచి పొయ్యి వెలగలేదు" అన్న. వాడు సిగ్గుపడుతడనుకున్న. వాడు నవ్విండు. "చిచ్చా, నేను తీయలేదు. నాకు వచ్చింది పెట్టిన. మేం పాపరాజీలం చిచ్చా, మా పని గదే" అన్నడు. వాని పేజీ పేరే అది: మన ఊరి పేరు, పక్కన పాపరాజీ.

"పాపరాజీ అంటే ఏంది బేటా?" అని అడిగిన.

"అంటే... ఫేమస్ ఫొటోగ్రాఫర్ చిచ్చా."

"ఏ జబాన్ మాట?"

"ఇంగ్లీషే గద."

రెండు సవాళ్ళు అడిగితే రెండు జవాబులూ గలత్. ఆ సాయంత్రం వాళ్ళ అబ్బా చెప్పినంక వీడియో తీసేసిండు. కానీ ఆ పిల్ల పది రోజులు కాలేజీకి పోలేదు. ఆ పది రోజులల్ల నాకు నిద్ర పట్టక ఈ మాట వెంట పడ్డ. ఎక్కడ పుట్టింది, ఎవరి పేరు, మన మంథని దాకా ఎట్ల వచ్చింది? దొరికింది మీ ముందు పెడుతున్న. మాట మతలబ్ తెలిస్తే కొందరన్న ఆ బిల్లా ఛాతీ మీద నుంచి తీసేస్తరని ఉమ్మీద్.

ఇది ఇంగ్లీషు మాట కాదు, ఇటలీ మాట. వాళ్ళు "పాపరాత్సీ" అంటరు. అది బహువచనం. ఒక్కడైతే "పాపరాత్సో". అంటే మన పత్రికలు "పాపరాజీలు" అని రాసినప్పుడు బహువచనానికి బహువచనం పెడుతున్నయి. మనం అఖ్బార్‌లు అన్నట్టే. అఖ్బార్ అంటేనే ఖబర్‌లు, దానికి మళ్ళ "లు" తగిలిస్తం. అది తప్పు కాదు. పరాయి మాట మన ఇంటికి వస్తే మన కట్టుబొట్టు పెట్టుకోవలసిందే. తప్పు వేరే కాడ ఉన్నది.

1960లో ఇటలీల "లా దోల్చే వీటా" అని ఒక సినిమా వచ్చింది. ఆ పేరుకు తియ్యటి జిందగీ అని మతలబ్. తీసినాయన ఫెదెరికో ఫెల్లినీ. అందుల మార్చెల్లో అని ఒక పత్రికాయన, ఆయన వెంట కెమెరా పట్టుకుని తిరిగే ఒక ఫొటోగ్రాఫర్. ఆ ఫొటోగ్రాఫర్ పేరు పాపరాత్సో. ఆ పాత్ర వేసిన నటుడు వాల్తెర్ శాంతెస్సో. ఆ ఒక్క మనిషి పేరే దునియా మొత్తంల ఆ పని చేసేటోళ్ళందరి పేరు అయిపోయింది.

ఆ పేరు ఎక్కడిది అంటే, సినిమా కథ రాసినవాళ్ళల్ల ఒకరైన ఎన్నియో ఫ్లయానో చెప్పిన మాట ఇది. జార్జ్ గిస్సింగ్ అనే ఇంగ్లీషు రచయిత దక్షిణ ఇటలీల తిరిగి 1901లో ఒక సఫర్‌నామా అచ్చు వేసిండు. అందుల కతన్‌జారో అనే ఊర్ల ఒక హోటల్ మాలిక్ వస్తడు. ఆయన పేరు కొరియోలానో పాపరాత్సో. ఫ్లయానో పేరు అక్కడినుంచి తీసుకున్నడు. ఫెల్లినీ మాత్రం ఆ చప్పుడు వింటే చెవి కాడ జుయ్యిమని తిరిగి కుట్టే పురుగు యాదికి వస్తదన్నట్టు పత్రికలల్ల వచ్చింది. ఫ్లయానో పుట్టిన అబ్రూత్సో ఇలాకాల ఆ మాటకు ఒక రకం ఆల్చిప్ప అనే అర్థం ఉన్నదని, అది కెమెరా కన్ను తీరుగ తెరుచుకుని మూసుకుంటది కాబట్టి ఆ పేరు పెట్టిన్రని చెప్పేటోళ్ళూ ఉన్నరు.

నన్ను ఆపేసింది ఆ హోటల్ మాలిక్ కథ. గిస్సింగ్ ఆయనను ఎందుకు యాది పెట్టుకున్నడో తెలుసా? ఆ మాలిక్ తన హోటల్ కమ్రాలల్ల ఒక నోటీసు పెట్టిండు. నా ఇంట్ల పండుకుని, అన్నం మాత్రం బయట హోటళ్ళల్ల తినే మెహమాన్‌లు నా దిల్‌కు నొప్పి చేస్తున్నరు, నా హోటల్ ఇజ్జత్‌కు దెబ్బ కొడుతున్నరు అని దాని సారాంశం. అంటే అసలు పాపరాత్సో ఎవరు? తన ఇంటి ఇజ్జత్ గురించి ఫికర్ చేసిన మనిషి. మెహమాన్ అన్నోడు ఇంటికి మర్యాద ఇయ్యాలె అని అడిగిన మనిషి. పరాయి ఇంటి ఇజ్జత్ తీసేటోళ్ళకు ఆయన పేరు తగిలింది. మొదలు ఇజ్జత్ పోయింది ఆయనదే అనుకోవాలె.

సినిమాల పాపరాత్సో కల్పన కావచ్చు. కానీ ఆ పని కల్పన కాదు. రోమ్ నగరంల వియా వెనెతో అని ఒక సడక్ ఉన్నది. 1950ల ఆఖర్ల సినిమావాళ్ళు, నవాబులు, తఖ్త్ పోయిన రాజులు రాత్రిళ్ళు అక్కడ హోటళ్ళ ముందు కూర్చునేటోళ్ళు. వాళ్ళ కోసం ఫొటోగ్రాఫర్లు స్కూటర్ల మీద కాపలా కాసేటోళ్ళు. వాళ్ళల్ల తాత్సియో సెక్కియారోలీ అనేటాయన మషూర్. ఫెల్లినీ పాత్రకు నమూనా ఆయనే అంటరు. ఆయన పెద్దింటి మనిషి కాదు, రోమ్ చుట్టుపక్కల గరీబు బస్తీ నుంచి వచ్చినోడు. 1958 ఆగస్టుల ఒక రాత్రి ఈజిప్టు మాజీ బాద్షా ఫారూఖ్ అక్కడ కూర్చున్నడు. 1952లో తఖ్త్ పోగొట్టుకుని ఇటలీల తలదాచుకున్న మనిషి. సెక్కియారోలీ ఫ్లాష్ కొట్టంగనే ఫారూఖ్‌కు గుస్సా వచ్చి మీదికి లేచిండు. ఆ లేచిన ఫొటోకే ఎక్కువ కీమత్ వచ్చింది.

ఈ సంగతి గట్టిగ పట్టుకోండి. మనిషి శాంతంగ కూర్చున్న ఫొటోకు గిరాకీ లేదు. కోపం వస్తే గిరాకీ, ఏడుస్తే గిరాకీ, మొఖం దాచుకుంటే ఇంకా గిరాకీ. అందుకే ఈ పని చేసేటోడు మనిషి కోపం వచ్చేదాక గెలుకుతడు. వాడు దొరికింది తీసేటోడు కాదు, తనకు కావలసింది పుట్టించేటోడు.

ఆ సినిమాల ఒక సీన్ ఉన్నది. ఒక ఇంట్ల తండ్రి తన ఇద్దరు పిల్లలను చంపి తను ప్రాణం తీసుకుంటడు. తల్లి బయటికి పోయి ఉన్నది, ఆమెకు ఖబర్ తెల్వది. ఆమె బస్సు దిగుతది. ఫొటోగ్రాఫర్లు ఈగల తీరుగ ముసురుతరు, పాపరాత్సో కూడా వాళ్ళల్ల ఉంటడు. పాపం ఆమె తనను ఎవరో సినిమా యాక్టర్ అనుకుంటున్నరేమో అని హైరాన్ అయితది. ఆమెకు మౌత్ ఖబర్ చెప్పే గడియ కోసం వాళ్ళు కెమెరాలు ఎత్తి పట్టుకుని ఉన్నరు. ఫెల్లినీ ఆ పేరు పెట్టింది తారీఫ్ చేయడానికి కాదు. ఇట్ల కావద్దు అని చూపెట్టడానికి. అరవై ఏండ్ల తర్వాత మన మంథని పిల్లగాడు అదే పేరును ఫఖర్‌గ పెట్టుకున్నడు. అది తమ్గా కాదు బేటా, దాగ్.

ఆ తర్వాత ఈ మాట దునియాకు బాగ తెలిసింది డయానా మౌత్‌తో. 1997 ఆగస్టు 31 రాత్రి పారిస్‌ల ఒక సొరంగం రోడ్డుల కారు గుద్దుకుంది. డయానా, ఆమెతో ఉన్న దోదీ ఫాయెద్, కారు నడిపిన డ్రైవర్ ముగ్గురూ పోయిన్రు. ఫొటోగ్రాఫర్లు మోటార్ సైకిళ్ళ మీద వెంట పడి ఉన్నరు. ఇన్సాఫ్‌గ చెప్పాలంటే తప్పు వాళ్ళ ఒక్కళ్ళదే కాదు. డ్రైవర్ తాగి ఉన్నడని తహ్‌ఖీఖాత్‌ల తేలింది. 2008లో లండన్ జ్యూరీ ఇచ్చిన ఫైస్లా రెండిటినీ చెప్పింది: డ్రైవర్ లాపర్వాహీ, వెంట పడ్డ బండ్ల లాపర్వాహీ. ఆ దెబ్బకు అమెరికాల కాలిఫోర్నియా రాష్ట్రం 1998లో ఈ తీరు ఫొటోల మీద కానూన్ తెచ్చింది.

ఇప్పుడు మన తెలుగు చెవికి వద్దాం. ఈ మాట వింటే మనకు "పాపం", "రాజీ" రెండూ వినిపిస్తయి. పాపం మన తెలుగుల రోజూ అనుకునే మాట. రాజీ మన ఉర్దూ "రాజీ", ఒప్పుకున్నోడు అని. పాపానికి రాజీ అయినోడు పాపరాజీ అని ఒక దోస్త్ మజాక్ చేసిండు. వినడానికి మస్తు ఉన్నది. కానీ అది మజాక్, ఇల్మ్ కాదు. దాన్ని వాట్సాప్‌ల అసలు అర్థం అని తిప్పొద్దు.

ఈ మాట ఎందుకు చెప్తున్ననంటే, మనవాళ్ళే ఇసొంటి ఇంకొక గలత్ మాట చాన రోజుల నుంచి తిప్పుతున్నరు. కెమెరా అనే మాట అరబీ "ఖమ్రా" నుంచి వచ్చిందని, ఇబ్నుల్ హైసమ్ పెట్టిన పేరని. ఇది నిజం కాదు. కెమెరా లాటిన్ మాట, దానికి ముందు గ్రీకు. కప్పు ఉన్న గది అని అర్థం. చిన్న రంధ్రం నుంచి వెలుగు వస్తే చీకటి గదిల ఎదుటి గోడ మీద తస్వీర్ పడతది. ఆ చీకటి గదికి లాటిన్‌ల "కెమెరా ఒబ్‌స్కూరా" అనే పేరు 1604లో కెప్లర్ రాసిండు. ఇబ్నుల్ హైసమ్ ఆ వెలుగు హిసాబ్‌ను దానికంటే ఆరు వందల ఏండ్ల ముందే "కితాబుల్ మనాజిర్"ల రాసిండు. అది ఆయన అసలు ఘనత. ఆ ఘనత చాలదా? లేని పేరు ఎందుకు అంటగట్టాలె? మనం ఝూట్‌తో మన బుజుర్గులను పెద్ద చేస్తే చూసేటోళ్ళ కండ్లల్ల వాళ్ళు చిన్నగైతరు.

అసలు మజా ఇక్కడ ఉన్నది. మనం ఇంట్ల గదిని "కమ్రా" అంటం. ఆ కమ్రా కూడా అరబీ కాదు, ఫార్సీ కాదు. పోర్చుగీసువాళ్ళ పడవల మీద వచ్చిన మాట, అదే లాటిన్ వేరు. అంటే కమ్రా, కెమెరా ఒకే తల్లి బిడ్డలు. ఒకటి మనిషిని దాస్తది, ఒకటి చూపెడతది. కమ్రాల జరిగింది కమ్రాల ఉండాలె. దాన్ని ఎత్తుకపోయి బజార్ల పెట్టేటోడే పాపరాజీ. మెహందీ రాత్రి మా పైన కమ్రాల జరిగింది సరిగ్గ ఇదే.

"ఇప్పుడు ఈ కెమెరా ఇజ్జత్ మాటలన్నీ పాత జమానా మాటలు" అని ఒక సాబ్ నాతో అన్నడు. పాత జమానా ఎట్ల ఉండెనో చూద్దాం. మన హైదరాబాదుకే పోదాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బార్‌ల లాలా దీన్ దయాళ్ అని ఫొటోగ్రాఫర్ ఉండె. మీరట్ దిక్కు నుంచి వచ్చిన జైన్ ఆయన. నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ అని ఖితాబ్ ఇచ్చిండు. 1892లో దీన్ దయాళ్ హైదరాబాద్‌ల జనానా స్టూడియో అని పెట్టిండు. పర్దా ఉన్న ఖాందాన్ ఆడవాళ్ళు వచ్చి ఫొటో దిగడానికి. లోపట కెమెరా పట్టింది మగవాళ్ళు కాదు, కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆడమనిషి. చుట్టూ ఎత్తు గోడలు. అంటే 130 ఏండ్ల కింద మన హైదరాబాద్‌ల కెమెరా ఉన్నది, పర్దానషీన్ ఆడవాళ్ళు ఉన్నరు, ఫొటో కూడా ఉన్నది, ఇజ్జత్ కూడా ఉన్నది. ఎందుకంటే అక్కడ ఇజాజత్ ఉన్నది. దిగేది ఆమె మర్జీ, ఎవరి చేతికి పోవాలో కూడా ఆమె మర్జీ.

ఆ ఖితాబ్ చూడండి: ముసవ్విర్. రూపం ఇచ్చేటోడు. సూరా హష్ర్ ఆఖర్ల అల్లాహ్ పేర్లల్ల ఒకటి అల్ ముసవ్విర్. అంత బరువైన మాటను ఒక ఫొటోగ్రాఫర్‌కు ఇచ్చిన్రు మన దక్కన్‌ల. మన పిల్లగాండ్లు కెమెరా పట్టుకుంటే నాకు ఖుషీనే. కానీ ముసవ్విర్ అనే పేరు ఇంట్ల ఉండంగ పాపరాజీ అనే పేరు బయట నుంచి ఎందుకు తెచ్చుకున్నరు అని నా సవాల్.

దీనికి రెండు మూడు జవాబులు వస్తయి, వాటిని కూడా చూద్దాం.

ఒకటి: "పెద్దోళ్ళ ఫొటోలు తీస్తే తప్పేంది? వాళ్ళకు అదే కావాలె." సరే, సానియా మీర్జా సంగతి యాది చేసుకోండి. మన హైదరాబాద్ బిడ్డ. 2010 ఏప్రిల్‌ల ఆమె నికాహ్ టైంల ఆమె ఇంటి ముందు టీవీవాళ్ళు డేరా వేసిన్రు. పెండ్లి ఇల్లు కోట మీద దాడి తీరుగ అయ్యింది. మళ్ళ 2024 జనవరిల ఖులా ఖబర్ వచ్చినప్పుడు ఆమె ఖాందాన్‌వాళ్ళు చేతులు జోడించి అడిగింది ఒక్కటే: ఈ నాజూక్ టైంల ఆమె సొంత సంగతులల్ల దఖల్ ఇయ్యకండి అని. కోర్టుల ఆడేటప్పుడు తీసిన ఫొటో ఆట ఫొటో. ఇంటి గేటు మీద నుంచి తీసిన ఫొటో చోరీ. ఆమె మషూర్ కావడం ఆమె గేటును తీసెయ్యలేదు.

అయితే మనవాళ్ళ తప్పు కూడా ఇక్కడే చెప్పాలె. 2005లో ఆమె ఆట బట్టల మీద ఎంత గొడవ చేసిన్రు! పద్దెనిమిదేండ్ల పిల్ల ఫొటోలు ముందట పెట్టుకుని ఎంత బహస్! చూడకూడదు అన్నోళ్ళే అందరికంటే ఎక్కువ చూసిన్రు.

రెండోది: "పిల్ల ఎందుకు ఆడాలె? ఆడకపోతే వీడియో ఎక్కడిది?" ఈ మాట మా ఇంట్లనే వచ్చింది. ఆ పిల్ల మామూనే అన్నడు. ఫోన్ గుంజుకోవాలె, కాలేజీ బంద్ చెయ్యాలె, తొందరగ రిష్తా చూడాలె అని. నేను అక్కడే అడిగిన. భాయ్, ఇంట్ల చోరీ అయితే చోర్‌ను పట్టుకుంటవా, ఇంట్ల సామాను ఎందుకు పెట్టుకున్నవని బీవీని కొడుతవా? సూరా నూర్ల చూపు దించుకోమన్న హుకుం ముందు మగవాళ్ళకు వచ్చింది, 30వ ఆయత్. ఆడవాళ్ళకు ఆ తర్వాతి ఆయత్‌ల. మనం 31 నుంచి చదువుడు మొదలుపెడుతున్నం. అదే సూరాల సలాం చేసి ఇజాజత్ లేకుండ పరాయి ఇంట్లకు అడుగు పెట్టొద్దని ఉన్నది. సూరా హుజురాత్ 12వ ఆయత్‌ల తజస్సుస్, అంటే ఒకరి రాజ్ వెతుకుడు, గీబత్ రెండూ ఒకే చోట మనా ఉన్నయి. ఫోన్ ఇంట్లకు పోతే మనిషి పోయినట్టే. ఆ ఇరవై సెకండ్లను చూసిన వేల మంది మా ఇంటి పైకమ్రాలకు చెప్పకుండ వచ్చిపోయినోళ్ళే.

ఆ పిల్ల తన ఆడవాళ్ళ మధ్య ఆడింది. ఆమె పర్దాల లోపటనే ఉన్నది. పర్దాకు రంధ్రం పొడిచింది వేరేవాళ్ళు. పర్దా వెయ్యాల్సింది ఫోన్‌కు, పిల్ల చదువుకు కాదు.

ఇజ్జత్ పేరు మీద పిల్లను ఇంట్ల కూర్చోబెట్టేటోళ్ళు ఇంకొక సంగతి తెలుసుకోవాలె. 2021 జూలైల "సుల్లీ డీల్స్" అని, 2022 కొత్త సంవత్సరం రోజు "బుల్లీ బాయి" అని రెండు యాప్‌లు వచ్చినయి. చదువుకున్న, నోరు విప్పి మాట్లాడే ముస్లిం ఆడవాళ్ళ ఫొటోలు నెట్ నుంచి ఎత్తుకపోయి వేలం పాట అని పెట్టిన్రు. అక్కడ అమ్మింది ఏమీ లేదు, తౌహీన్ చేయడమే మక్సద్. ఎందుకు పెట్టిన్రు? ఈ ఆడవాళ్ళు భయపడి ఇంట్ల కూర్చోవాలె అని. మనం కూడా ఫొటో బయటపడంగనే పిల్లను ఇంట్ల కూర్చోబెడితే ఆ చోర్‌ల పని మన చేతుల మీద పూర్తి చేసినట్టే.

మూడో జవాబు అందరికంటే గట్టిది. "కెమెరా బంద్ చెయ్యమంటే జుల్మ్ ఎట్ల బయటపడతది?" ఈ సవాల్ మంథనిల ఉండి తప్పించుకోలేం. 2021 ఫిబ్రవరి 17న మన గుంజపడుగుకు చెందిన హైకోర్టు వకీల్ గట్టు వామన్‌రావును, ఆయన భార్య నాగమణిని కల్వచర్ల దగ్గర పట్టపగలు నడి సడక్ మీద నరికి చంపిన్రు. ఇద్దరూ మంథని కోర్టుకు వచ్చి వాపస్ పోతున్నరు. బస్సులు ఆగి ఉన్నయి, జనం ఉన్నరు. ఆ టైంల కొందరు ఫోన్లు తీసిన్రు. కొన ఊపిరితో ఉన్న ఆయన మాట ఆ వీడియోలనే రికార్డు అయ్యింది, కేసుల గవాహీ అయ్యింది. కాపాడకుండ వీడియో తీసుడు ఏంది అని తిట్టినోళ్ళు ఉన్నరు. ఆ తిట్టుల హఖ్ ఉన్నది. కానీ ఆ ఫోన్లే లేకపోతే ఆయన ఆఖరి మాట ఆ సడక్ మీదనే పోతుండె.

కాబట్టి ఫోన్ పాడు, కెమెరా హరాం అని నేను అనను. ఖురాన్‌ల సూరా బఖరాల గవాహీ దాచుడు గునాహ్ అని ఉన్నది. షాహిద్ ఒకరు, జాసూస్ ఒకరు. ఇద్దరి చేతిలనూ అదే ఫోన్. ఫరక్ ఎక్కడ? షాహిద్ జుల్మ్ చేసేటోని దిక్కు ఫోన్ పెడతడు, బలమున్నోని ముందు నిలబడతడు. తీసింది పోలీసుకు, కోర్టుకు ఇస్తడు. జాసూస్ బలం లేని మనిషి దిక్కు పెడతడు. తను తెర వెనక ఉంటడు. తీసింది లైకులకు అమ్ముకుంటడు. కల్వచర్లల వీడియో తీసి అదాలత్ చేతికి పోయేటట్టు చేసినోడు షాహిద్. అదే వీడియోకు పాట పెట్టి స్టేటస్ పెట్టుకున్నోడు పాపరాజీ. తీసింది ఒకటే అయినా ఇద్దరూ ఒకటి కాదు.

మరి కానూన్ ఏమంటది? 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టు తొమ్మిది మంది జడ్జిల బెంచ్, పుట్టస్వామి కేసుల, మనిషి సొంత జిందగీ గోప్యత బునియాదీ హఖ్ అని చెప్పింది. మంచిదే. 2021ల సినిమా నటి సమంత యూట్యూబ్ చానళ్ళ మీద కూకట్‌పల్లి కోర్టుకు పోతే, ఆమె సొంత సంగతుల వీడియోలు తీసెయ్యమని హుకుం వచ్చింది. అదీ మంచిదే. కానీ ఆడవాళ్ళను చాటుగ ఫొటో తీసుడు మీద ఉన్న సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితల 77, బట్టలు మార్చుకునుడు, స్నానం అసొంటి సంగతులకే సరిపోతది. నిండుగ బట్టలు కట్టుకుని మెహందీల ఆడిన పిల్లకు అది అందదు. వెనక పడి సతాయిస్తే, బెదిరిస్తే షీ టీమ్‌కు తప్పకుండ చెప్పాలె, భయపడొద్దు. కానీ ఖాందాన్ ఆపా పెట్టిన స్టేటస్‌ను ఏ పోలీసూ ఆపలేడు. అది మనమే ఆపాలె.

అందుకని మన ఖాందాన్లల్ల నాలుగు ఉసూల్ పెట్టుకుందాం అంటున్న.

నికాహ్ రుఖ్ఖా మీద దావత్ టైం రాసినట్టే ఒక సతర్ రాయించండి: జనానా దిక్కు ఫోన్‌తో ఫొటో, వీడియో తియ్యొద్దని మెహర్బానీతో అర్జీ. వచ్చినోళ్ళు బురా మానరు. చెప్పుల తీరుగ ఫోన్లు కూడా గడప కాడ పెట్టే రివాజ్ రావాలె.

ఫొటోలు కావాలంటే ఆడ ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకోండి. మన పిల్లలల్లనే నేర్చుకున్నోళ్ళు ఉన్నరు, వాళ్ళకు రోజీ కూడా అయితది. దీన్ దయాళ్ 1892లో చేసింది మనం ఇప్పుడు చెయ్యలేమా?

చేతికి ఎవరిదన్న వీడియో వస్తే ముందుకు పంపొద్దు. "చూడండి ఎంత బురా జమానా" అని తిట్టుకుంట పంపేటోళ్ళు కూడా పంపినోళ్ళే. పంపినందుకు లెక్క ఉంటది, తిట్టినందుకు మాఫీ ఉండదు.

ఏదన్న బయటపడితే పిల్ల పక్కన నిలబడండి. మొదటి సవాల్ పిల్లను కాదు, తీసినోళ్ళను, పంపినోళ్ళను అడగండి.

ఇక ఆ పేజీ పిల్లగానికి. బేటా, నువ్వు బురా పిల్లగానివి కాదని నాకు తెలుసు. నీ చేతుల హునర్ ఉన్నది. గోదావరి మీద పొద్దు గుంకే టైంల నువ్వు తీసిన ఫొటో చూసిన, మాషా అల్లాహ్. మన ఊర్ల రోడ్డు మీద గుంతలు తియ్యి, దవాఖానల ముసలోళ్ళు లైన్ల నిలబడ్డది తియ్యి, పీర్ల పండుగల హిందూ ముస్లింలు కలిసి నడిచేది తియ్యి. ఎవరన్న జుల్మ్ చేస్తే ధైర్యంగ తియ్యి, మేం నీ వెనక ఉంటం. కానీ ఆ పేరు మార్చుకో. ఆ పేరు కతన్‌జారోల తన ఇంటి ఇజ్జత్ కోసం నోటీసు పెట్టుకున్న ఒక మాలిక్‌ది. నువ్వు దాన్ని మోసే పని చేస్తలేవు.

ఆ పిల్ల ఇప్పుడు కాలేజీకి పోతున్నది. వాళ్ళ అమ్మీ రోజు బస్టాండ్ దాక వచ్చి బస్సు ఎక్కించి పోతున్నది. వీడియో ఆ పేజీ మీద లేదు. ఎన్ని ఫోన్లల్ల ఉన్నదో ఆ తల్లికి తెల్వది, బస్సుల పక్కన కూర్చున్న ప్రతి ఫోన్ దిక్కు ఆమె చూస్తది. ఈ మజ్మూన్ చదివినోళ్ళల్ల ఎవరి ఫోన్లన్న అది ఉంటే ఇప్పుడే తీసెయ్యండి. అల్లాహ్ కే వాస్తే.

వస్సలాం.